ఆఖరి నలభై పేజీలు

పుస్తకం గురించి చెప్పమంటే భీమశంకరం ఎప్పుడూ అందులోని కథ చెప్పేవాడు కాదు. అది చదువుతుండగా తనకేమైందో చెప్పేవాడు.

కాకినాడ గాంధీనగరంలో ఒక మందుల దుకాణం మేడ మీద గదిలో ప్రతి ఆదివారం సాయంత్రం పదిహేను ఇరవై మంది చదువరులు చేరేవారు. ఈమధ్య ఎవరేం చదివారో, మిగతావాళ్లు ఏది చదివితే బాగుంటుందో చెప్పుకోవడమే అక్కడ పని. కొందరు కాగితాల మీద రాసుకొచ్చి అప్పజెప్పేవారు. కొందరు రచయిత పుట్టుపూర్వోత్తరాలతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోయేవారు. శంకరం మాత్రం లేచి, చేతులు జేబుల్లో పెట్టుకుని, "లైట్‌హౌసు కాపలావాళ్ల మీద ఒక పుస్తకం చదివానండి. నవల కాదు, అన్నీ జరిగినవే. మూడో అధ్యాయంలో ఒకాయన పదకొండేళ్లు ఒక్కడే ఉంటాడు. అది చదివాక లేచెళ్లి మా పక్కింటాయన్ని పలకరించొచ్చానండి. ఆరేళ్లుగా మాకు మాటల్లేవు," అని కూర్చునేవాడు. అంతే. వచ్చే ఆదివారానికి ఆ పుస్తకం ఆరుగురి చేతుల్లో ఉండేది.

అతను వాతావరణ కార్యాలయంలో పరిశీలకుడు. పొద్దున్నే బెలూను ఎగరేసి గాలి వేగం, తేమ రాసుకున్నాక దొరికిన ప్రతి నిమిషమూ చదివేవాడు. భార్య హైమవతి సామర్లకోట రోడ్డులోని ఒక మెదడు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్త. పెళ్లయి ఇరవయ్యేళ్లు. పిల్లల్లేరు. హైమకి చదివే తీరిక ఉండేది కాదు. భోజనాల దగ్గర అతను చెబుతుంటే వినేది. సగం పుస్తకాలు ఆమెకి పప్పూ చారుల మధ్య అందినవే.

ఆ చదువరుల్లో పెద్దావిడ కామాక్షమ్మ. హిందీ పండితురాలిగా పనిచేసి రిటైరైంది. నోరు కాస్త పెద్దది. నచ్చని పుస్తకాన్ని ఆవిడ ఉతికి ఆరేస్తుంటే వినడానికే కొందరు వచ్చేవారు. ఒక వేసవిలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. మాట మిగిలింది, నడక తిరిగొచ్చింది, అక్షరం పోయింది. కళ్లు బాగానే కనిపిస్తాయి. పేజీ తెరిస్తే మాత్రం ఏదీ అక్షరంలా తోచదు.

"తెల్ల గోడ మీద చీమలు పాకినట్టుందే అమ్మాయ్," అంది ఆసుపత్రిలో హైమతో. ఆ తర్వాత కూడా ఆదివారాలు మానలేదు. ఎవరైనా చదివి వినిపిస్తానన్నా ఒప్పుకోలేదు. శంకరం ఏదైనా పుస్తకం పేరెత్తితే మాత్రం చెయ్యడ్డం పెట్టేది. "నాకు చెప్పకురా శంకరం. గుడ్డివాడికి అద్దం చూపించినట్టుంటుంది."

ఆ మాట శంకరానికి గుచ్చుకుంది. ఆ వారమంతా అన్నం సరిగా తినలేదు. "నీ మిషను ఎంతవరకొచ్చింది?" అని హైమని మొదటిసారిగా అడిగాడు.

ఆమె ఎనిమిదేళ్లుగా చేస్తున్న పని అదే. బల్ల మీదున్న నేతి గిన్నె దగ్గరికి లాక్కుని చెప్పింది. "జ్ఞాపకం ఈ పేరిన నెయ్యిలాంటిది. మనం గుర్తు తెచ్చుకున్నప్పుడల్లా కాస్త కరుగుతుంది. మళ్లీ పేరుకోవడానికి గంట పడుతుంది. కరిగి ఉన్నప్పుడే దాని అచ్చు తియ్యొచ్చు. ఆ అచ్చుని ఇంకొకరి తలలో వేస్తే వాళ్లకీ గుర్తొస్తుంది, తాము చదివినట్టే."

"మరింకేం? నేను చదివింది టీచరుగారికి ఇద్దాం."

"ఇప్పటిదాకా ఎలకల మీదే చేశామండీ."

"ఎలకలకంటే నేను నయమే కదా, పుస్తకాలు కొరకను," అని నవ్వాడు.

అనుమతులు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఒక గురువారం పొద్దున్న శంకరం నుదుటికి వెండి తీగలల్లిన పట్టీ కట్టుకుని, కళ్లు మూసుకుని, లైట్‌హౌసు పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి మనసులో తిరగేసుకున్నాడు. నలభై నిమిషాలు. మధ్యాహ్నం అదే పట్టీ కామాక్షమ్మకి కట్టారు. ప్రసూన అనే నర్సు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇరవై నిమిషాల తర్వాత ఆవిడ కళ్లు తెరిచింది.

"పదకొండేళ్లు," అంది కామాక్షమ్మ. "పదకొండేళ్లు ఒక్కడే ఎలా ఉన్నాడే ఆ మహానుభావుడు!" అని బావురుమంది. కళ్లు తుడుచుకుని, వెంటనే, "అయిదో అధ్యాయం మాత్రం దండగ. అనవసరంగా పెంచాడు," అంది. గదిలో అందరూ గట్టిగా నవ్వారు. శంకరం నవ్వలేదు. వెనక్కి తిరిగి కిటికీలోంచి బయటికి చూస్తూ ముక్కు చీదుకున్నాడు.

ఆ పుస్తకంలో లేనిది కూడా ఒకటి ఆవిడకి వచ్చింది. చదువుతున్నంతసేపూ వేయించిన వేరుశెనగల వాసన. శంకరం ఆ పుస్తకం చదివింది పల్లీలు నములుతూ.

తర్వాత జరిగింది ఎవరూ ఆపగలిగేది కాదు. ఆదివారం గదిలో కామాక్షమ్మ లేచి ఆ పుస్తకం గురించి అరగంట మాట్లాడింది. విన్నవాళ్లు ఊరుకుంటారా? ఒకాయనకి కళ్లలో శుక్లాలు. ఒకావిడకి ఇంటెడు చాకిరీ. ఇంకొకాయనకి ఏ జబ్బూ లేదు, ఓపికే లేదు. పరిశోధనకి మనుషులు కావాలి గనక కేంద్రం ఎవరినీ కాదనలేదు. "శంకరంగారి చదువు అయితేనే కావాలండి," అన్నారంతా. అతనిలా చదివేవాళ్లు వాళ్లలో ఎవరూ లేరు మరి.

ఏడాది తిరిగేసరికి శంకరం ఇరవై ఆరు పుస్తకాలు ఇచ్చాడు. నవలలు, యాత్రలు, ఒక శస్త్రవైద్యుడి ఆత్మకథ, చీమల జీవితం మీద ఒకటి. గురువారం ఇస్తే ఆదివారానికి గదిలో అందరూ చదివేసి ఉండేవారు. ఎవరైనా లేచి చెప్పడం మొదలుపెడితే మిగతావాళ్లు తలలూపేవారు. అందరికీ అదే చోట ఏడుపొచ్చేది, అదే చోట నవ్వొచ్చేది. వాదనలు పోయాయి. అయిదో అధ్యాయం దండగన్న కామాక్షమ్మ కూడా పట్టీ అలవాటయ్యాక శంకరానికి నచ్చిందల్లా నచ్చిందనేది.

"నేను చెప్పిందే నాకు తిప్పి చెబుతున్నారు హైమా," అన్నాడతను ఇంకా మొదటి నెలల్లోనే ఒక ఆదివారం స్కూటరు దిగుతూ. "అద్దాల గదిలో కూర్చున్నట్టుంది."

హైమ తలుపు తాళం తీసి లోపలికి నడిచింది. అప్పటికే అతనికి చెప్పనిది ఆమె దగ్గర ఒకటుంది.

మూడో పుస్తకం అచ్చు తీసినప్పుడే ఆమెకి అనుమానం వచ్చింది. కరిగిన జ్ఞాపకం గంటలో తిరిగి పేరుకోవాలి. తెర మీద గీత పైకి లేవాలి. లేచింది గానీ, వెనకటి ఎత్తుకి రాలేదు. ఏడో పుస్తకానికి సగమే లేచింది. పన్నెండో పుస్తకం నాడు అసలు లేవలేదు. అచ్చు తియ్యడమంటే గిన్నెలోది చూసి బొమ్మ గీసుకోవడం కాదనీ, గిన్నెలోదే ఒంపుకోవడమనీ ఆమెకి ఆ రోజే అర్థమైంది. అయినా నివేదికలో 'పరికరంలోని హెచ్చుతగ్గులు' అని రాసి సంతకం పెట్టింది. ఎనిమిదేళ్ల పని. ఇంకో ఆర్నెల్లలో ఢిల్లీ నుంచి పరిశీలన సంఘం వస్తుంది. అది అయ్యాక సరిచేద్దామనుకుంది. పోతే పుస్తకాలే కదా, మళ్లీ చదువుకుంటాడనుకుంది.

చదువుకున్నాడు కూడా. ఒక సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి అతను వరండాలో చీమల పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు.

"ఇది ఎప్పుడు కొన్నావు? చాలా బావుంది. ఎవరో పెన్సిలుతో గీతలు కూడా గీశారు. గీసినవాడెవడో గానీ మంచి చదువరే!"

ఆ గీతలు అతనివే. పక్కన అతని అక్షరాలే ఉన్నాయి. తన చేతిరాత తనకే తెలియలేదేమిటని ఆమె అడగలేదు. "పాత పుస్తకాల షాపులో," అని అబద్ధం చెప్పి లోపలికి వెళ్లి కుళాయి తిప్పింది. ముఖం కడుక్కుంటున్నంతసేపూ అద్దం వైపు చూడలేదు.

పరిశీలన సంఘం వచ్చే తేదీ ఖాయమైంది. కేంద్రం డైరెక్టరు పురుషోత్తంగారు హైమని పిలిచి, "ఆ రోజు ఇచ్చే పుస్తకం మామూలుది కాకూడదమ్మా. పట్టీ తీసేసరికి మనిషి కదిలిపోవాలి," అన్నారు. ఆమె అదే మాట ఇంట్లో చెప్పింది. శంకరం ఆలోచించకుండానే అల్మారా పైఅరలోంచి ఒక నవల తీశాడు.

ఆ నవల హైమకి బాగా తెలుసు.

ఇరవై రెండేళ్ల కిందట, కాకినాడ బస్టాండులో, వానలో తడిసొచ్చిన ఒక పరిశోధక విద్యార్థిని సిమెంటు బెంచీ మీద ఒక అపరిచితుడి పక్కన కూర్చుంది. అతను ఈ నవల చదువుతున్నాడు. ఆమె వంగి వంగి అట్ట మీది పేరు చూస్తుంటే, అతను పుస్తకం మూసి ఆమె చేతిలో పెట్టాడు. "ఆఖరి నలభై పేజీలు నేనింకా చదవలేదండి. మొత్తం మీరు చదివి, ఆ నలభై పేజీలూ నాకు చెప్పండి," అన్నాడు. పది రోజుల తర్వాత అదే బెంచీ మీద ఆమె చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. తర్వాత పెళ్లయింది. ఆ నలభై పేజీలూ అతను ఎన్నడూ చదవలేదు. "నువ్వు చెప్పావుగా, మళ్లీ ఆ రచయితతో నాకేం పని?" అనేవాడు.

"అది వద్దండీ," అంది హైమ.

"ఏం?"

"ఊరికే. అది మనది కదా."

"ఇంతకంటే మంచి పుస్తకం నా దగ్గర లేదు హైమా. పెద్దవాళ్లొస్తున్నారు. నీ ఇన్నేళ్ల కష్టం," అన్నాడు, ఆమె తల మీద చెయ్యేసి. "అయినా ఇస్తే తరిగిపోతుందా ఏంటి?"

తరిగిపోతుందని చెప్పడానికి ఆమెకి అదే ఆఖరి సందు. నోరు తెరిచింది కూడా. కానీ వచ్చిన మాట వేరు. "సరే, మీ ఇష్టం," అంది.

పరిశీలన అద్భుతంగా జరిగింది. ఆరుగురికి ఆ నవల ఎక్కించారు. కామాక్షమ్మ, నర్సు ప్రసూన, సంఘంలోంచి ముచ్చటపడి ముందుకొచ్చిన నలుగురు. ఆరుగురూ ఏడ్చారు. ఢిల్లీ పెద్దమనిషి ఒకాయన జేబురుమాలు తీసి కళ్లద్దాలు తుడుచుకుంటూ, "ఇంత ప్రేమ ఒక పుస్తకంలో ఉంటుందని అనుకోలేదు," అన్నాడు. పురుషోత్తంగారు హైమ భుజం తట్టారు.

మూడో రోజు ప్రసూన ఆమె గది తలుపు దగ్గర నిలబడింది. చేతిలో అదే నవల.

"మేడమ్, తప్పుగా అనుకోకండి. నేనిది కొని చదివానండి. ఆఖర్న నాకు గుర్తున్నది ఇందులో లేదండి."

"ఏం గుర్తుంది?"

"చివరి నలభై పేజీల ముందు వరకూ మామూలుగానే ఉందండి. అక్కణ్ణుంచి ఎవరో అమ్మాయి చెబుతుంటుందండి. తడిజుట్టు ముడేసుకుని, సిమెంటు బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంటుంది. మధ్యలో ఆగి, 'నవ్వకండి, నాకు ఏడుపొస్తోంది' అంటుందండి. ఆవిడ్ని చూస్తుంటే నాకే..." ప్రసూన తలొంచుకుంది. "ఈవిడ లేకపోతే నేను బతకలేను అనిపిస్తుందండి. ఇప్పటికీ అనిపిస్తోంది. అది మీ గొంతండి మేడమ్."

హైమకి అంతా అర్థమైంది. పది రోజుల తేడాతో జరిగిన ఆ రెండు రోజులూ శంకరంలో ఒక్కటిగా కలిసిపోయి, తడిజుట్టు రెండో రోజుకి కూడా వచ్చేసిందన్నమాట. ఇన్నేళ్లూ అతను తనని అలా దాచుకున్నాడని ఆమెకి ఇప్పుడే తెలిసింది, అదీ ఒక నర్సు నోటి నుంచి.

ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. శంకరం వరండాలో ఉన్నాడు. ఒళ్లో ఆ నవల. ఆమె గుమ్మం ఎక్కుతుండగానే ఆఖరి పేజీ తిప్పి పుస్తకం మూశాడు.

"చదివేశారా?" అంది.

"ఆఁ. మొదట్లో బావుంది," అన్నాడు అట్ట నిమురుతూ. "చివరి నలభై పేజీలు కాస్త సాగదీశాడు."

ఆమె మెట్టు మీద చెప్పులు విడిచి అతని ఎదురుగా కూర్చుంది.

ఆ సాయంత్రమే అంతా చెప్పేసింది. తెర మీద లేవని గీత గురించి, పెట్టిన సంతకం గురించి, చెప్పిన అబద్ధం గురించి. శంకరం అరవలేదు. అతను చాలాసేపు అడిగిన ప్రశ్న ఒక్కటే. "పన్నెండో పుస్తకం నాటికే నీకు తెలుసా?" ఆమె అవునన్న ప్రతిసారీ, సరిగా వినబడనట్టు మళ్లీ అడిగాడు. తర్వాత, "మనిద్దరికీ పరిచయం ఎలా అయింది?" అన్నాడు. పెళ్లి గుర్తుంది. పెళ్లికి ముందుది వెతికితే బస్టాండు ఖాళీగా ఉంది.

కామాక్షమ్మ సంగతి విని మర్నాడే ఆటో ఎక్కి వచ్చేసింది. "వాడిది వాడికిచ్చేస్తాను. పెట్టు నాకా పట్టీ," అంది.

"మీకది పోతుంది టీచరుగారూ."

"పోనీవే. అడుక్కుతిన్నదాన్ని, దొంగతనం చేశానని నాకేం తెలుసు?"

ఇంకే దారీ తోచక హైమ ఒప్పుకుంది. ఆవిడ నుంచి అచ్చు తీసి శంకరంలో వేసింది. అతను కళ్లు తెరిచాక, ఆమె "కనబడిందా?" అంది.

"కనబడింది. ఎవరో అమ్మాయి చెబుతోంది, తడిజుట్టుతో." అతను నుదురు రుద్దుకున్నాడు. "ఇదేంటి, సుద్దముక్కల వాసనొస్తోంది? ఎక్కడో పిల్లలు హిందీ పాఠం వల్లిస్తున్నారు. ఆ అమ్మాయిని చూస్తుంటే జాలేసింది. మా స్కూల్లో చదువుకున్న పిల్లలా ఉంది."

కామాక్షమ్మ చూపులోంచి వచ్చిన హైమ ఆ అమ్మాయి. వలపు పోయి వాత్సల్యం వచ్చింది. ఒకసారి చేతులు మారాక ఏదీ మొదటి రూపంలో తిరిగి రాదు. పక్క మంచం మీద కామాక్షమ్మ లేచి కూర్చుని, చీర సర్దుకుంటూ, "ఏం పుస్తకంరా శంకరం ఇవాళ?" అని ఉత్సాహంగా అడిగింది. ప్రసూన గదిలోంచి బయటికి వెళ్లిపోయింది.

హైమ అసలు నివేదిక రాసి పురుషోత్తంగారి బల్ల మీద పెట్టింది. ఆయన రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"నిజమే రాశారు. కాదనను. కానీ ఇవతల వెయ్యిమంది కామాక్షమ్మలున్నారమ్మా. ఇచ్చేవాళ్ల చేత ఒక కాగితం మీద సంతకం పెట్టిద్దాం, 'కొంత మరుపు కలగవచ్చు' అని."

"అది కొంత కాదు సార్."

"మీరు మీ భర్త చేత ఏ కాగితం మీద సంతకం పెట్టించారు?"

ఆమె ఆ బల్ల మీదే ఇంకో కాగితం రాసింది. రాజీనామా ఇచ్చింది. ఆయన ఆపలేదు. పట్టీ, తీగలు, అచ్చులు అన్నీ పెట్టెల్లో సర్ది ఇంకో ఊళ్లోని పెద్ద కేంద్రానికి పంపారు. అక్కడ ఇవ్వడానికి వచ్చేవాళ్లకి లోటు లేదని తర్వాత పేపర్లో చదివింది. మరిచిపోవాలనుకునేవాళ్లు లోకంలో ఇంతమంది ఉన్నారని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

ఆదివారం గదికి మనుషులు రావడం తగ్గిపోయింది. కొత్త అచ్చులు ఆగిపోయాక ఒకరిద్దరు మళ్లీ పుస్తకం పట్టుకున్నారట గానీ, పది పేజీలకే చెయ్యి నొప్పి పుట్టిందన్నారు. కామాక్షమ్మ కొన్నాళ్లు ఒక్కర్తే వచ్చి, వేసి ఉన్న తలుపు చూసి వెళ్లిపోయేది. తర్వాత ఆవిడా మానేసింది.

హైమకి ఇప్పుడు తీరికే తీరిక. భర్త పోగొట్టుకున్న పుస్తకాలన్నీ వరసగా చదివింది. భోజనాల దగ్గర ఇప్పుడు ఆమె చెబుతుంది, అతను వింటాడు. మర్యాదగా వింటాడు. మంచి ప్రశ్నలు అడుగుతాడు. ఏ పుస్తకమూ చేతిలోకి తీసుకోడు. ఆమెను తిట్టడు. అదే ఆమెకి భరించలేనిది.

ఒకరోజు మధ్యాహ్నం, ముసురు పట్టి బయటికి కదల్లేని వేళ, ధైర్యం చేసి బస్టాండు సంగతి మొదలుపెట్టింది. అంతకుముందు ముక్కలుగా చెప్పిందే. ఈసారి మొదటి నుంచీ చెప్పింది. వాన, సిమెంటు బెంచీ, చేతిలో పెట్టిన పుస్తకం, పది రోజుల నిరీక్షణ. ఒకప్పుడు అతను చెప్పినట్టే చెప్పాలని చూసింది. జరిగింది కాదు, జరుగుతుంటే తనకేమైందో. నిద్రపట్టక హాస్టలు వరండాలో అటూ ఇటూ తిరగడం, రెండో రోజు ముందుగా వచ్చి బెంచీ తన చున్నీతో తుడిచి కూర్చోవడం, ఇవి ఎన్నడూ ఎవరికీ చెప్పనివి. చెబుతూ చెబుతూ ఏడ్చింది. శంకరం కదలకుండా, ఆమె ముఖంలోకి చూస్తూ, ఒక్క మాటా వదలకుండా విన్నాడు. ఆదివారాల్లో వినేవాడు అలా.

ఆమె ఆగింది.

"బాగా చెప్పావు," అన్నాడు నిజాయితీగా. "ఆ అమ్మాయి కళ్లకి కట్టినట్టు కనబడుతోంది. ఆ అబ్బాయి దగ్గరే వచ్చింది చిక్కు. ముక్కూ మొహం తెలియని అమ్మాయికి సగం చదివిన పుస్తకం ఎందుకిస్తాడు? వాడెవడో నాకు పట్టుబడలేదు హైమా."